కొసరు గ్యాసు

మొన్న మా ఇంటికి ఏసీ చూడటానికి ఒక కుర్రాడు వచ్చాడు. మంచివాడే. చెప్పులు బయట విప్పాడు, మంచినీళ్ళు అడిగి తాగాడు. పని అయ్యాక చేతులు తుడుచుకుంటూ, "పెద్దవారు కదా తాతగారూ, గ్యాసు కాస్త ఎక్కువే కొట్టాను. మీకు మళ్ళీ ఇబ్బంది ఉండదు" అన్నాడు. నేను కుర్చీలోంచి లేచి, ఎక్కువైనది తీసేదాకా గుమ్మం దాటనివ్వనన్నాను. వాడు బిత్తరపోయి మా అబ్బాయి వంక చూశాడు. ముసలాయనకి చాదస్తంలే అని మావాడు కళ్ళతో సైగ చేయడం నాకు కనిపించింది. కనిపిస్తే కనిపించింది. ఒత్తిడి చూసే గేజీ పెట్టించి, తీయించి, గొట్టం మీద నా చెయ్యి నేను వేసి చూసుకున్నాకే వదిలాను. పాపం నొచ్చుకున్నాడు. ఎందుకో వాడికి అప్పుడు చెప్పలేకపోయాను. అందుకని ఈ పనిలో ఉన్న మీ అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఇది అరవైల్లో మాట. బందరులో ఫ్రిజ్లూ గది చల్లబరిచే మిషన్లూ బాగుచేసే కొట్టు ఒక్కటే ఉండేది. అది మా మేస్త్రి గారిది. ఆయనది పెడన దగ్గర నేతపని చేసుకునే కుటుంబం. మగ్గం మీద కూర్చోలేక చిన్నప్పుడే పారిపోయి వచ్చి, గిలకలదిండి వైపు ఉన్న ఒక ఐస్ ఫ్యాక్టరీలో చేరారట. ఇరవై ఏళ్ళు అమ్మోనియా పీల్చి పీల్చి ముక్కు చచ్చిపోయింది. కూర మాడిపోతున్నా తెలిసేది కాదు. "నా పెళ్ళాం అదృష్టవంతురాలురా, ఏం వండినా బాగుందంటాను" అనేవారు. లావుపాటి మనిషి, చేతులు మాత్రం సన్నం. ఆ చేత్తో రాగి గొట్టాన్ని నొక్కు పడకుండా వంచుతుంటే చూడబుద్ధేసేది. నేను ఆయన దగ్గర చేరి అప్పటికి నాలుగైదేళ్ళయింది.

ఆ రోజుల్లో గ్యాసు మద్రాసు నుంచి రైల్లో రావాలి. ఒక సిలిండరు అయిపోతే రెండోది ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. అందుకని మేస్త్రి గారు సిలిండరుని కొట్టు వెనక గదిలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకునేవారు. స్నానం చేసినా అది ఒంటి మీదే ఉండేది. దాని గురించి మేం బోలెడు వేళాకోళాలు ఆడేవాళ్ళం. ఆయన కూడా నవ్వేవారు గాని తాళంచెవి మాత్రం ఇచ్చేవారు కాదు.

గుడివాడ దగ్గర ఒక రైసు మిల్లు యజమాని ఇంట్లో గది మిషను ఉండేది, కిటికీలో బిగించేది. చుట్టుపక్కల ఊళ్ళలో ఇంకెవరింట్లోనూ ఉన్నట్టు నేను ఎరగను. దాన్ని గొప్ప కోసం పెట్టుకున్నారని జనం అనుకునేవారు. మొదటిసారి వెళ్ళేదాకా నేనూ అదే అనుకున్నాను. అది వాళ్ళమ్మాయి కోసం. ఎనిమిదేళ్ళ పిల్ల, ఒక్కతే. పుట్టుకతోనే ఆ పిల్ల ఒంటికి చెమట పట్టదు. చెమట పడితేనే కదా మన ఒళ్ళు చల్లబడేది. ఎండాకాలం వచ్చిందంటే ఆ పిల్ల ఒళ్ళు పెనంలా కాలిపోయేది, ఫిట్స్ వచ్చేవి. జుట్టు పలచన, పళ్ళు కూడా సరిగా రాలేదు. మద్రాసు డాక్టర్లు మందు లేదన్నారట. ఎలాగోలా చల్లగా ఉంచుకోండి, పెద్దదైతే జాగ్రత్త తనే నేర్చుకుంటుంది అన్నారట. మిల్లు యజమాని అక్కడే మిషను కొని లారీ మీద తెచ్చుకున్నాడు.

ఆ పిల్లకి ఎండాకాలమంతా ఆ ఒక్క గదే ఊరు. మేం పనిచేస్తుంటే మంచం మీద కూర్చుని గవ్వలాడుకుంటూ ప్రశ్నలు వేసేది.

"మావయ్యా, ఇందులో చలి ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"చలి రాదమ్మా. ఈ గదిలో ఉన్న వేడిని పట్టుకుపోయి బయట పారబోస్తుంది."

గవ్వలు పక్కన పెట్టి, "అయితే నా చెమట పని అది చేస్తోందన్నమాట" అంది.

ఎనిమిదేళ్ళ పిల్ల అంది ఆ మాట. నాకు ఆ మిషను గురించి అంతకన్నా బాగా చెప్పినవాళ్ళు ఇప్పటికీ తగల్లేదు. మేస్త్రి గారు పని ఆపి ఆ పిల్ల తల నిమిరారు.

ఆ ఏడు వేసవి మొదట్లోనే మిషను చల్లదనం తగ్గిపోయింది. పిల్లకి ఒకసారి ఫిట్స్ కూడా వచ్చాయి. కబురు రాగానే మేస్త్రి గారూ నేనూ సిలిండరు వేసుకుని వెళ్ళాం. ఒక అతుకు దగ్గర సన్నగా కారి గ్యాసంతా పోయింది. సబ్బునీళ్ళతో చోటు పట్టుకుని, అతుకు వేసి, గొట్టంలో గాలి లాగేసి, మళ్ళీ పెట్టుకోవడానికీ తీసుకోవడానికీ వీలుగా ఒక చిన్న వాల్వు బిగించాం. ఇక గ్యాసు నింపాలి. ఎంత నింపాలో మిషను మీద రేకు పలకలో ముద్రించి ఉంటుంది. సిలిండరుని కాటా మీద పెట్టి, మిషన్లోకి వదులుతూ, పలకలో రాసినంత బరువు తగ్గగానే కట్టెయ్యాలి. కాటాకి కరువేముంది, మిల్లులోంచే తెప్పించారు.

మా వైపు కొసరు లేని బేరం ఉండదు. పాలు కొలిచినా, నూనె కొలిచినా, బియ్యం కొలిచినా, కొలత పూర్తయ్యాక పైన ఇంకో చెయ్యి పడాలి. పడకపోతే కొన్నవాడు చిన్నబుచ్చుకుంటాడు. వేసిన కొసరు వెనక్కి తీసుకోవడమంటే మొహం మీద కొట్టడమే. మిల్లు యజమాని పుట్టి పెరిగింది ఆ కాటా పక్కనే. మేస్త్రి గారు కుళాయి కట్టేసి లేవబోతుంటే ఆయన కాటా మీద చెయ్యి వేశాడు.

"అయిందా మేస్త్రీ గారూ?"

"అయిందండి. పలక మీద ఎంతుందో అంతా పట్టింది."

"మరి కొసరు?"

మేస్త్రి గారు నవ్వారు. "దీనికి కొసరేంటండీ?"

"నా మిల్లులో బస్తా బియ్యం కొన్నవాడికి కూడా దోసెడు కొసరు వేసి పంపుతానండీ. నా కూతురి చల్లదనానికి కొసరు లేకుండా ఎలాగ? వేసవంతా గడవాలి. మీ సిలిండరులో ఉంది కదా, వెయ్యండి."

యజమాని దబాయించి అడగలేదు. బతిమాలినట్టు అడిగాడు. పిల్ల మంచం మీంచి చూస్తోంది. మేస్త్రి గారు మళ్ళీ కూర్చుని కుళాయి కాస్త తిప్పారు. గొట్టంలో గ్యాసు బుసకొట్టడం వినబడింది. ఐస్ ఫ్యాక్టరీలో పెరిగిన చెయ్యి అది. అక్కడ నాలుగు చుక్కలు ఎక్కువైనా పెద్ద ట్యాంకులో పడి ఉంటాయి, ఎవరికీ నష్టం లేదు. ఈ చిన్న మిషన్లో ఎక్కువైనది దాచుకోవడానికి చోటు లేదు. ఆ సంగతి ఆ క్షణంలో ఆయనకి తోచలేదు. నాకూ తోచలేదు. పైగా ముచ్చటేసింది. బయట సముద్రం మీంచి గాలి వీస్తోంది, సాయంత్రమైంది, మిషను గుమ్ముగా తిరిగింది. గది చల్లబడిపోయి పిల్ల పకపకా నవ్వింది. వాళ్ళమ్మ మాకు పెరుగన్నం పెట్టి గానీ పంపలేదు.

గ్యాసు ఎక్కువైన సంగతి చల్లటి రోజుల్లో బయటపడదు. మీరు గుర్తుపెట్టుకోవలసింది ఇదే. ఆ రోజు సాయంత్రం గాలిలో చూస్తే అంతా బ్రహ్మాండంగా ఉంటుంది. పడమటి గాలి తిరిగి, బయట నిప్పులు చెరిగే రోజు వచ్చినప్పుడు వేడిని బయట పారబొయ్యలేక లోపల ఒత్తిడి పెరిగిపోతుంది, మోటారు మొయ్యలేని బరువు మోస్తుంది.

రోహిణి కార్తె వచ్చింది. రెండు మూడు రోజులు కాకులు కూడా కనబడలేదు. మేస్త్రి గారు దివిసీమ వెళ్ళారు. అవనిగడ్డలో ఒక ఆసుపత్రిలో మందులు దాచే కిరోసిన్ ఫ్రిజ్ చెడిపోయింది. తాళంచెవి మామూలుగానే ఆయన మొలతాడుకి ఉంది. ఆ మర్నాడు పొద్దున్నే మిల్లు కారు మా కొట్టు ముందు ఆగింది. మిషను మూలుగుతోంది, ఆగిపోతోంది, కాసేపటికి దానంతటదే తిరుగుతోంది, మళ్ళీ ఆగిపోతోంది, రమ్మన్నారని డ్రైవరు చెప్పాడు. ఉన్న పనిముట్లు సంచిలో వేసుకుని ఒక్కణ్ణే బయల్దేరాను.

మిషను ముందు మూత విప్పి చూశాను. దుమ్ము లేదు, ఆ ఇల్లాలు రోజూ జాలీ కడిగి ఆరబెట్టేది. వెనక్కి వెళ్ళి చెయ్యి పెడితే గాలి కొలిమిలోంచి వచ్చినట్టుంది. చల్లగా తిరిగొచ్చే గొట్టం పట్టుకుంటే, దారిలోనే ఆగిపోవలసిన నీటి చెమట, మోటారు ఉండే కంప్రెసర్ డబ్బా ఒంటి దాకా పట్టి ఉంది. మీటరు తగిలిస్తే, రేకు పలకలో రాసినదాని కన్నా కరెంటు బాగా ఎక్కువ లాగుతోంది. ఇక అనుమానం లేదు. నేను లేచి మిల్లు యజమానితో చెప్పాను.

"గ్యాసు ఎక్కువైందండీ. కొంచెం తీసేస్తే సర్దుకుంటుంది."

ఆయన నా దగ్గరికి వచ్చాడు. "చల్లదనం చాలట్లేదు మొర్రో అంటుంటే, ఎక్కువైందంటావేంటయ్యా?"

నాకు వచ్చిన భాషలో చెప్పాను. ఇప్పుడైతే ఇంకా బాగా చెప్పేవాణ్ణేమో. ఆయన వినలేదని కాదు, మొత్తం విన్నాడు. విని ఒక ప్రశ్న వేశాడు.

"కొసరు ఎంత వేశారో నీకు తెలుసా?"

"తెలీదండీ. మేస్త్రి గారి చేతి లెక్క."

"నువ్వు ఇప్పుడు తీస్తావు. చెయ్యి జారి ఎక్కువ పోయిందనుకో, తిరిగి పెట్టడానికి నీ దగ్గర ఉందా?"

సిలిండరు తాళంలో ఉందని, తాళంచెవి అవనిగడ్డలో ఉందని చెప్పాను.

తల్లి గుమ్మంలో నిలబడి వింటోంది. "గ్యాసు పోయినప్పుడు ఏమైందో నేను చూశాను నాయనా. దానికి ఫిట్స్ వస్తే నా చేతుల్లోనే కొట్టుకుంది. ఉన్నది పోనివ్వకు. నీకు దణ్ణం పెడతాను" అంది.

ఆవిడ మాటలో తప్పు లేదు. గ్యాసు లేకపోతే పిల్ల చస్తుందన్నది వాళ్ళు కళ్ళారా చూసిన సంగతి. గ్యాసు ఎక్కువైనా అదే జరుగుతుందన్నది నేను చెబుతున్న సంగతి. ఆ ఇంట్లో ఎవరైనా మొదటిదే నమ్ముతారు. యజమాని నా భుజం మీద చెయ్యి వేసి, "కోపం తెచ్చుకోకు అబ్బాయ్. మీ మేస్త్రి గారిని తీసుకురా, సిలిండరు తీసుకురా. ఆయన పెట్టింది ఆయనే తీస్తే నాకు అభ్యంతరం లేదు" అన్నాడు.

సరేనన్నాను. వెళ్ళేముందు ఒక మాట గట్టిగా చెప్పాను. మిషను దానంతటదే ఆగితే ఆగనివ్వండి, అది మోటారు కాలిపోకుండా తనని తాను కాపాడుకోవడం, ఆ సేపు తడిబట్టలు మార్చుతూ పిల్లని చూసుకోండి అని. ఇద్దరూ తలూపారు. వట్టివేళ్ళ తడకలు కట్టించారు, ఐసు తేవడానికి బందరు లారీ పంపారు. నేను గదిలోకి తొంగిచూస్తే పిల్ల కళ్ళు మూసుకుని, నోటితో ఊపిరి తీసుకుంటోంది. నన్ను చూసి చెయ్యి ఊపింది.

కారు నన్ను బందరులో దింపి డాక్టరుని తేవడానికి వెనక్కి వెళ్ళింది, అక్కణ్ణుంచి నేను బస్సెక్కి అవనిగడ్డ వెళ్ళాను. మేస్త్రి గారు ఆసుపత్రి వరండాలో ఫ్రిజ్ దీపం ఒత్తి కత్తిరిస్తున్నారు. చెప్పాను. గొట్టం చెమట కంప్రెసర్ దాకా ఉందనగానే ఆయన చేతిలో కత్తెర ఆగిపోయింది. కత్తెర కింద పెట్టి, మొలతాడు మీద చెయ్యి వేసుకుని, "పద" అన్నారు. ఆ రోజుకి గుడివాడ చేరే బస్సు దొరకలేదు. బందరు వచ్చి సిలిండరు తీసుకుని, తెల్లవారగానే గుడివాడ బయల్దేరాం.

మేం వెళ్ళేసరికి మిషను చప్పుడు లేదు. గదిలో కాలిన వాసన. ముక్కు చచ్చిన మా మేస్త్రి గారికి కూడా ఆ వాసన తెలిసిందేమో, గుమ్మంలోనే ఆగిపోయారు.

జరిగింది ఇది. ముందు రోజు మధ్యాహ్నం మిషను ఆగడం ఎక్కువైంది. ఆగినప్పుడల్లా పిల్ల ఒళ్ళు కాలిపోతుంటే తండ్రి చూడలేకపోయాడు. మిల్లులో కరెంటు పని చూసే అతన్ని పిలిచాడు. మిల్లుల్లో ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే లావు తీగ చుట్టేసి నడిపించడం అందరూ చేసేదే. అతనూ అదే అలవాటుతో, మిషను ఆపే చిన్న డబ్బాని పక్కకి పెట్టి, రెండు తీగలూ కలిపేశాడు. ఆగడం మానేసింది. పొద్దుగూకేదాకా ఆగకుండా తిరిగింది, గది చల్లబడింది, పిల్ల కళ్ళు తెరిచి మజ్జిగ కూడా తాగిందట. ఆ కరెంటతనికి యజమాని చేతులు పట్టుకుని మొక్కాడట. దీపాలు పెట్టే వేళకి మోటారు కాలిపోయింది. రాత్రంతా పిల్లని ఐసు గడ్డల మధ్య పెట్టి కాచుకున్నారట.

అతను గోడవారగా కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచాడు. ఎవరూ అతన్ని ఏమీ అనలేదు.

మేస్త్రి గారు నన్ను పక్కకి పిలిచి, "బెజవాడ వెళ్ళు. కంప్రెసర్ ఎక్కడున్నా పట్టుకురా. నేను ఈలోగా విప్పి ఉంచుతాను" అన్నారు. మిల్లు కారులో వెళ్ళాను. బెజవాడలో తిరగని కొట్టు లేదు. చివరికి ఒక డీలరు తన దగ్గర రిపేరుకి వచ్చిన మిషన్లోంచి ఊడదీసి ఇచ్చాడు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, కుదుపులకి దెబ్బ తగలకుండా. కిటికీలోంచి వడగాలి మొహాన కొడుతోంది. దారిలో డ్రైవరు రెండుసార్లు ఇంజన్లో నీళ్ళు పోశాడు. ఆ రెండుసార్లూ వాణ్ణి తిట్టాను.

ఇంటి ముందు జనం నిలబడి ఉన్నారు. వాళ్ళు నిలబడిన తీరు చూస్తే కారు దిగకముందే అర్థమైంది. మధ్యాహ్నమే పోయింది. ఐసు గడ్డల మధ్య తడిబట్టల్లో ఉండగానే మళ్ళీ ఫిట్స్ వచ్చాయట, డాక్టరు పక్కనే ఉన్నాడట. నేను కంప్రెసర్ ఎత్తుకుని వాకిట్లో నిలబడ్డాను. దాన్ని ఎక్కడ దించాలో తెలియలేదు. బరువు కూడా తెలియలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

మేస్త్రి గారి గురించి ఇక్కడే చెప్పేస్తాను. తర్వాత చెప్పడం నావల్ల కాదు. ఆ నెల్లోనే కొట్టు నాకు అప్పగించి మళ్ళీ ఐస్ ఫ్యాక్టరీలో చేరిపోయారు, ఆ వయసులో. మిల్లు యజమాని ఆయన్ని ఒక్క మాట అనలేదు. "నేనే కదండీ అడిగింది" అన్నాడు. అది విని మేస్త్రి గారు ఇంకా కుంగిపోయారు. ఎప్పుడైనా చూడటానికి వెళ్తే పని గురించి అన్నీ మాట్లాడేవారు, గ్యాసు తూకం మాట వస్తే మాత్రం లేచి వెళ్ళిపోయేవారు. ఆ కరెంటతను ఊరు వదిలేశాడు. ఒక పిల్లని బతికించాలని ముగ్గురు మగవాళ్ళు, ముగ్గురూ ప్రేమతోనే, ఒకరి తర్వాత ఒకరు చెయ్యి వేశారు. ఇందులో దుర్మార్గుడు ఎవడైనా ఉంటే నాకు కాస్త మనశ్శాంతిగా ఉండేది.

ఆ సాయంత్రం మేం సామాను సర్దుకుంటుంటే తండ్రి వచ్చాడు. గొంతు పోయింది, గాలి మాత్రమే వస్తోంది.

"దాని అమ్మమ్మ మద్రాసు నుంచి రావాలి. మెయిలు దిగి వచ్చేసరికి రేపు పొద్దెక్కుతుంది. ఆవిడ చూడకుండా తియ్యలేం. ఈ ఎండల్లో..." అని ఆగాడు. "బిగించండి."

బిగించాం. పిల్లని ఆ గదిలోనే చాప మీద పడుకోబెట్టారు. తల దగ్గర దీపం. మేం మిషను దగ్గర వంగి అతుకులు వేస్తుంటే ఆడవాళ్ళు ఏడుస్తూనే మాకు అడ్డం లేకుండా జరిగారు. కాటా మళ్ళీ మిల్లులోంచి వచ్చింది. మేస్త్రి గారు దాని వంక చూడలేక మొహం తిప్పుకుని కుళాయి పట్టుకున్నారు. తూకం నేను చూశాను. పలకలో రాసినంత తగ్గగానే చాలన్నాను. ఆయన కట్టేశారు. తండ్రి అక్కడే నిలబడి ఉన్నాడు. ఏమీ అడగలేదు.

మిషను చప్పుడు లేకుండా తిరిగింది. గాలికి దీపం రెపరెపలాడుతుంటే మిషను ముందరి రెక్కలు పైకి తిప్పాను. గొట్టం పట్టుకు చూశాను, చెమట ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది. కరెంటు సరిపోయింది. నా చేతుల మీదుగా అంత సరిగ్గా కుదిరిన మిషను అంతకు ముందు లేదు. గది కాసేపట్లోనే చల్లబడిపోయింది.

తల్లి అప్పటిదాకా గోడకి ఆనుకుని ఉంది. లేచి వచ్చి పిల్ల పాదం పట్టుకుని చూసింది. మంచం మీంచి దుప్పటి తీసి, గెడ్డం దాకా కప్పి, అంచులు ఒంటి కింద దోపింది. నా వైపు తిరిగి, పక్కవాళ్ళకి వినపడకుండా అడిగింది.

"మరీ చల్లగా ఉంది బాబూ. దానికి చలి ఆగదు. కొంచెం తగ్గించవా?"

తగ్గించాను.